మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు: మొరాయించిన ఇంటి సామాను మీరే పరీక్షించుకునే పద్ధతి

మిక్సీ తిరగదు. ఫ్రిజ్ చల్లబడదు. గీజర్ స్విచ్ వేస్తే ఇల్లంతా కరెంటు పోతుంది. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని మెకానిక్ నంబరు వెతకడం. ఆయన సాయంత్రం వచ్చి, స్టెబిలైజర్ వెనకాల వదులైన ప్లగ్గు గట్టిగా నొక్కి, విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్తాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, పిలిస్తేనే కదా వచ్చాడు.

ఏ సామాను ఆగిపోయినా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. లోపం దాని లోపల ఉందా, లేక దానికి బయటి నుంచి అందాల్సిన దాంట్లో ఉందా? మిక్సీకి కరెంటు అందితే చాలు. వాషింగ్ మెషిన్‌కు కరెంటుతో పాటు నీళ్లు కావాలి, ఆ నీళ్లు బయటికి పోయే దారి కూడా కావాలి. ఫ్రిజ్‌కూ ఏసీకీ కరెంటుతో పాటు గాలి ఆడాలి. అందాల్సినవన్నీ సరిగ్గా అందుతున్నాయని తేలాకే లోపలి సంగతి. కింద చెప్పిన పనుల్లో దేనికీ యంత్రం బాడీ విప్పక్కర్లేదు. విప్పాల్సిన చోట మెకానిక్‌ను పిలవమనే చెప్పాను.

చేతిలో ఉండాల్సినవి: ఒక టెస్టర్, టార్చి, పాత టూత్‌బ్రష్, స్క్రూడ్రైవర్, కచ్చితంగా పనిచేస్తుందని తెలిసిన ఒక టేబుల్ లాంప్. కాళ్లకు పొడి చెప్పులు.

కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?

ఆగిపోయిన సామాను ప్లగ్గు తీసి, అదే సాకెట్‌లో టేబుల్ లాంప్ పెట్టి చూడండి. వెలగకపోతే లోపం సాకెట్‌లోనో, దాని వెనకాలో ఉంది. వెలిగితే అదే సామానును ఇంకో గదిలోని సాకెట్‌లో పెట్టి చూడండి. సగం కేసులు ఈ రెండు నిమిషాల్లోనే తేలిపోతాయి.

ఇక్కడొక తిరకాసు ఉంది. చాలామంది సెల్ చార్జర్ పెట్టి చూసి ‘కరెంటు బాగానే ఉంది’ అనుకుంటారు. చార్జర్ మీద సన్నటి అక్షరాల్లో 100 నుంచి 240 ఓల్టులు అని రాసి ఉంటుంది. అంటే ఓల్టేజీ సగానికి పడిపోయినా అది తన పని తాను చేసుకుపోతుంది. చాలా ఎల్‌ఈడీ బల్బులూ అంతే, వెలుగు తగ్గినట్టు తెలియనివ్వవు. మన ఇళ్లకు రావాల్సింది 230 ఓల్టులు. ఎండాకాలం రాత్రుళ్లు వీధి వీధంతా ఏసీలు వేసినప్పుడు ఇది బాగా పడిపోయే ప్రాంతాలున్నాయి. ఓల్టేజీ తగ్గిందో లేదో తెలియాలంటే మామూలు సీలింగ్ ఫ్యాన్ వేగం చూడండి, లేదా స్టెబిలైజర్ మీద అంకె చూడండి. వీధంతా అలాగే ఉంటే అది మీ ఫ్రిజ్ సమస్య కాదు. కరెంటు ఆఫీసు ఫిర్యాదుల నంబరు 1912.

టెస్టర్ వాడేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన లావు రంధ్రం ఎర్త్, కుడివైపుది ఫేజ్ (కరెంటు వచ్చే తీగ), ఎడమవైపుది న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ). స్విచ్ వేసినప్పుడు కుడివైపు మాత్రమే టెస్టర్ వెలగాలి. రెండు వైపులా వెలిగిందంటే ‘డబుల్ కరెంటు వస్తోంది’ అంటారు కొందరు. నిజానికి వెనకాల ఎక్కడో న్యూట్రల్ తెగింది. ఇంట్లో వేసి ఉన్న ఏదో ఒక లైటు గుండా ఫేజ్ తిరిగి ఈ రంధ్రం దాకా వస్తోంది. ఇది ఎలక్ట్రీషియన్ పని.

న్యూట్రల్ గురించే ఒక హెచ్చరిక. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో గానీ, అపార్ట్‌మెంట్‌లో గానీ కొన్ని లైట్లు ఉన్నట్టుండి మరీ ప్రకాశంగా, కొన్ని మరీ మసకగా వెలిగినా, ఫ్యాను మామూలు కంటే గిర్రున తిరిగినా ఆలోచించకుండా మెయిన్ స్విచ్ కట్టేయండి. మెయిన్ న్యూట్రల్ తెగితే కొన్ని గదులకు 230కి బదులు 350 ఓల్టులు దాటి కూడా వెళ్లొచ్చు. ఒకే పూట ఇంట్లో టీవీ, ఫ్రిజ్, వైఫై రూటర్ కలిసి కాలిపోయాయంటే తరచూ కారణం ఇదే.

ట్రిప్ అయింది ఏది? ఎంసీబీనా, ఆర్‌సీసీబీనా?

బోర్డు తెరిస్తే వరసగా సన్నటి స్విచ్‌లు కనిపిస్తాయి, వాటిమీద 6, 10, 16, 20 లాంటి అంకెలుంటాయి. అవి ఎంసీబీలు. మోయాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగినా, షార్ట్ అయినా అవి పడతాయి. వాటి పక్కన కాస్త వెడల్పుగా, టి అనే అక్షరం ఉన్న బటన్‌తో ఒకటి ఉంటుంది. అది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి రాకుండా ఎక్కడో భూమిలోకో, మనిషి ఒంట్లోకో కారిపోతుంటే అది పడిపోతుంది. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లవి. మాటిమాటికి పడుతోందని దాన్ని తీయించేసి నేరుగా కనెక్షన్ ఇప్పించుకునే వాళ్లున్నారు. అంతకన్నా ప్రమాదకరమైన రిపేరు ఇంకోటి లేదు.

ఆర్‌సీసీబీ పడుతుంటే దొంగను ఇలా పట్టుకోవచ్చు:

1. అన్ని ఎంసీబీలూ దించండి. ఆర్‌సీసీబీ ఎత్తండి. అప్పుడూ నిలవకపోతే వైరింగ్‌లోనో, ఆర్‌సీసీబీలోనో లోపం ఉండొచ్చు, న్యూట్రల్ వైపు లీకేజీ కూడా అయి ఉండొచ్చు. నేరుగా మూడో అడుగుకు వెళ్లండి.
2. నిలిస్తే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ రండి. దేన్ని ఎత్తగానే పడిందో ఆ లైనులో లోపం ఉంది.
3. ఆ లైను మీద ఉన్న సామాన్లన్నిటి ప్లగ్గులూ పీకేయండి (ఒకటో అడుగు నుంచి నేరుగా వస్తే ఇంట్లోని ప్లగ్గులన్నీ). స్విచ్ కడితే సరిపోదు. మన స్విచ్‌లు చాలావరకు ఫేజ్ తీగను మాత్రమే తెంచుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. న్యూట్రల్ వైపు లీకేజీ ఉన్న గీజర్ స్విచ్ ఆపి ఉన్నా ఆర్‌సీసీబీని పడగొట్టగలదు. చాలామంది ఇక్కడే తికమక పడతారు.
4. పడినవీ దించినవీ మళ్లీ ఎత్తి, ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టి స్విచ్ వేయండి. పడిందంటే అదే దొంగ.

పట్టుబడేది ఎక్కువగా గీజర్, ఇస్త్రీ పెట్టె, నీళ్ల మోటారు, పాత వాషింగ్ మెషిన్. వానాకాలంలో అయితే డాబా మీదో, బాల్కనీలోనో తడిసిన సాకెట్.

ఎంసీబీ పడుతుంటే లెక్క వేరు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 2000 వాట్ల గీజర్ లేదా ఇండక్షన్ పొయ్యి సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని అడాప్టర్ పెట్టి 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో వాడితే ఎంసీబీ పడకముందే సాకెట్ కరగొచ్చు. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయా, ప్లాస్టిక్ కమిలిన వాసన వస్తోందా చూడండి. వస్తుంటే ఆ సాకెట్ మార్పించాల్సిందే, ప్లగ్గు వంచి పెట్టి సర్దుకోవద్దు.

మిక్సీ

మన వంటింట్లో మిక్సీ పడినంత కష్టం ఇంకే మోటారూ పడదు. పొద్దున కొబ్బరి చట్నీ, మధ్యాహ్నం కారప్పొడి, సాయంత్రం దోసెల పిండి. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

మధ్యలో టక్కున ఆగిపోయిందా? ఒకటి రెండు నిమిషాలకే కాలిపోయిందని నిర్ణయించకండి. స్విచ్ సున్నాకు తిప్పి, ప్లగ్గు పీకి, జార్ దించి, మిక్సీని పక్కకు వంచి అడుగున చూడండి. చిన్న ఎర్ర బటన్ ఉంటుంది (కొన్ని మోడళ్లలో నల్లది). అది ఓవర్‌లోడ్ బటన్. మోటారు మీద భారం ఎక్కువైతే బయటికి పొడుచుకొస్తుంది. పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి లోపలికి నొక్కండి. జార్‌లో సరుకు సగం తీసేసి, కాస్త నీళ్లు చేర్చి మళ్లీ వేయండి. వెంటనే నొక్కితే నిలవదు, నిలిచినా మోటారుకు మంచిది కాదు. మిక్సీ మీద ముప్పై నిమిషాల రేటింగ్ అని ఉంటే అరగంట ఏకబిగిన తిప్పమని కాదు. ఐదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపుతూ వాడమని మాన్యువల్‌లో ఉంటుంది. నానబెట్టిన మినప్పప్పును రెండు విడతలుగా వేయడానికి బద్ధకించి జార్ నిండా కుక్కితే బటన్ రోజూ పడుతుంది.

బటన్ నొక్కినా తిరగకపోతే జార్ లేకుండా ఖాళీగా వేసి చూడండి (జార్ సరిగ్గా కూర్చుంటే గానీ తిరగని మోడళ్లూ ఉన్నాయి, వాటికి ఖాళీ జార్ పెట్టండి). ఖాళీగా బాగా తిరుగుతూ జార్ పెడితే మూలుగుతోందంటే లోపం జార్‌లో ఉంది. ప్లగ్గు పీకి, జార్ తిరగేసి, అడుగున మోటారుతో కలిసే పళ్ల ముక్కను (కప్లర్) చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే కడిగాక లోపల తడి నిలిచి పట్టేసింది. గోరువెచ్చటి నీళ్లు పోసి అరగంట ఉంచి, మెల్లగా అటూ ఇటూ ఆడించండి. చింతపండు పచ్చళ్లు చేసిన జార్‌ను సింకులో రాత్రంతా వదిలేస్తే ఇది తప్పదు.

మోటారు తిరుగుతోంది గానీ బ్లేడు తిరగడం లేదు, గరగర చప్పుడు, రబ్బరు కాలిన వాసన. ఇది మోటారు వైపు కప్లర్ అరిగిన లక్షణం. మిక్సీ మీద జార్ కూర్చునే చోట పళ్లు పళ్లుగా ఉండే ముక్క అది. వేలితో తడిమితే పళ్లు గుండ్రంగా అరిగిపోయి, చుట్టూ నల్లటి పొడి రాలి ఉంటుంది. పార్టు ఖరీదు తక్కువే. మిక్సీలు బాగుచేసే కొట్లో మోడల్ పేరు చెబితే ఇస్తారు. కొన్ని మిక్సీల్లో దీని మర ఎదురు దిశలో ఉంటుంది కాబట్టి ఊడకపోతే బలం పెట్టేముందు రెండో వైపు తిప్పి చూడండి.

జార్ కింద నల్లటి నీళ్లు కారుతున్నాయంటే బుష్ (జార్ అడుగున బ్లేడు ఇరుసు తిరిగే గొట్టం) పోయింది. దీన్ని చాలామంది పట్టించుకోరు, కింద గుడ్డ పెట్టి వాడేస్తుంటారు. ఆ నలుపు అరిగిన లోహం, గ్రీజు. అదే పైకి పచ్చడిలోకీ వస్తుంది, కిందకు మోటారులోకీ దిగుతుంది. బుష్ మార్పించే దాకా ఆ జార్ పక్కన పెట్టేయడమే మంచిది.

ఇక వేగం తగ్గి, గాలి వచ్చే కంతల్లోంచి పెద్ద మెరుపులు కనిపిస్తుంటే తిరిగే మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. చిన్న నీలి మెరుపులు మామూలే. ఘాటైన కాలిన వాసన, పొగ వస్తే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) పోయినట్టే. ఈ రెండూ మెకానిక్ పనులు.

ఫ్రిజ్

ఫ్రిజ్ ఆగిందనగానే పాలు, పెరుగు ఏమైపోతాయోనని టెన్షన్. మొదటి జాగ్రత్త: తలుపు మాటిమాటికి తీసి చూడకండి. మూసి ఉంచితే కరెంటు లేకున్నా చల్లదనం నాలుగు గంటల దాకా నిలుస్తుంది.

తలుపు తీయగానే లోపల లైటు వెలిగిందా? వెలగకపోతే సాకెట్, స్టెబిలైజర్ చూడండి. కరెంటు పోయి వచ్చాక స్టెబిలైజర్ వెంటనే ఫ్రిజ్‌కు కరెంటు వదలదు, చాలావాటిలో మూడు నుంచి ఐదు నిమిషాల ఆలస్యం ఉంటుంది. ఆగిన వెంటనే మళ్లీ తిరగడం కంప్రెసర్‌కు మంచిది కాదు కాబట్టే ఆ ఏర్పాటు. ఆ ఐదు నిమిషాల్లోనే మెకానిక్‌కు ఫోన్ వెళ్లిపోతుంటుంది.

లైటు వెలుగుతుంది, చప్పుడు లేదు. థర్మోస్టాట్ మర సున్నా మీద ఉందేమో చూడండి, కూరగాయలు సర్దేటప్పుడు చెయ్యి తగిలి తిరుగుతుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ మర మధ్యలో బటన్ ఉంటుంది. అది నొక్కి ఉంటే మంచు కరిగే దాకా కంప్రెసర్ రాదు. డబుల్ డోర్ ఫ్రిజ్‌లు మంచు కరిగించుకోవడానికి తమంతట తామే కాసేపు ఆగుతాయి, అరగంట చూడండి.

వెనక నుంచి కొన్ని నిమిషాలకోసారి చిన్న మూలుగు, తర్వాత టిక్ మని శబ్దం, మళ్లీ నిశ్శబ్దం. కంప్రెసర్ లేవడానికి ప్రయత్నించి పడిపోతోంది. ముందు ఓల్టేజీ చూడండి. అది సరిగ్గా ఉంటే కంప్రెసర్ పక్కనుండి దాన్ని లేపే రిలే పోయి ఉండవచ్చు. అది చిన్న పార్టే. మెకానిక్ వచ్చీ రాగానే ‘కంప్రెసర్ పోయింది సార్’ అంటే రిలే మార్చి చూశారా అని అడగండి.

తిరుగుతూనే ఉంది, చల్లబడదు. ఇక్కడ గాలి సంగతి చూడాలి. వెనక గోడకు ఆనించి పెట్టారా? మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదలండి, ఏమీ లేకపోతే ఒక జానెడైనా ఉంచండి. వెనక నల్లటి తీగల జాలీ ఉన్న మోడల్ అయితే ప్లగ్గు పీకి బ్రష్‌తో బూజు దులపండి. తలుపు రబ్బరుకు ఒక పరీక్ష ఉంది. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా తలుపు మూసి లాగండి. కాస్త పట్టుకుంటూ రావాలి. జారిపోయి వచ్చిందంటే అక్కడ గాలి దూరుతోంది. ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్లతో రబ్బరు మడతల్లో జిడ్డు తుడవండి, చాలాసార్లు అంతతోనే సరిపోతుంది.

డబుల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ గట్టిగా గడ్డకట్టి, కింద మాత్రం పెరుగు పులిసిపోతుంటే అర్థం వేరు. చల్లగాలి ఫ్రీజర్ వెనక పలక నుంచి ఫ్యాను ద్వారా కిందకు రావాలి. ఆ దారి మూసుకుపోయింది. కంతలకు అడ్డంగా ఇడ్లీ పిండి గిన్నె ఉందేమో ముందు చూడండి. లేకపోతే పలక వెనక మంచు పేరుకుంది. సరుకులు పక్కింట్లో పెట్టి, ప్లగ్గు పీకి, రెండు తలుపులూ బార్లా తెరిచి 24 గంటలు వదిలేయండి, కింద పాత బట్టలు పరవండి. మళ్లీ వేశాక బాగా పనిచేసి నెలలపాటు సమస్య రాకపోతే తలుపు సరిగ్గా పడక వచ్చిన మంచు అనుకోవచ్చు. వారం పదిరోజుల్లో మళ్లీ మొదటికొస్తే మంచు కరిగించే హీటరో, సెన్సరో పోయింది. ఈ మాట ఇలాగే మెకానిక్‌కు చెబితే ఆయన పని సగం తగ్గుతుంది.

కూరగాయల ట్రే కింద నీళ్లు నిలుస్తున్నాయా? లోపలి వెనక గోడ కింది భాగంలో చిన్న కంత ఉంటుంది, అది కొత్తిమీర ఆకుతో మూసుకుపోయి ఉంటుంది. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొట్టండి.

మంచును కత్తితోనో, చెంచాతోనో పొడవద్దు. పలచటి అల్యూమినియం పలక లోపలే గ్యాస్ పైపు ఉంటుంది. కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండేది ఆర్600ఏ అనే గ్యాస్, ఐసోబ్యూటేన్. వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్‌కు దగ్గర చుట్టం, అలాగే అంటుకుంటుంది.

‘గ్యాస్ అయిపోయింది’ అంటే

ఫ్రిజ్‌కైనా, ఏసీకైనా వినిపించే మాట ఇది. పెట్రోలు లాగా గ్యాస్ ఖర్చయిపోదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ లీకు ఎక్కడో చూపించకుండా గ్యాస్ నింపడానికి సిద్ధమైతే వద్దనండి, కొన్ని నెలల్లో మళ్లీ అదే బిల్లు కడతారు. లీకు పట్టి, అతికించి, పంపుతో పైపుల్లో గాలీ తేమా లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ ఎక్కించాలి. ప్రతి ఎండాకాలం ఏసీకి గ్యాస్ టాప్‌అప్ చేయించుకోవడం ఆనవాయితీ అనుకునే వాళ్లకు కూడా ఇదే సమాధానం.

ఏసీ చల్లగా రాకపోతే అందుకే ముందు గ్యాస్ మాట ఎత్తొద్దు. లోపలి యూనిట్ ముందువైపు పలక ఎత్తి ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడగండి, ఆరాక పెట్టండి. సీజన్‌లో రెండు వారాలకోసారి ఈ పని చేయాలి. లోపలి యూనిట్ నుంచి గోడ మీదుగా నీళ్లు కారితే బయటి డ్రైన్ పైపు మూసుకుపోయింది. రిమోట్ పనిచేస్తోందో లేదో అనుమానమా? సెల్‌ఫోన్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో రిమోట్ కొనకు ఊదా రంగు మెరుపు కనబడుతుంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాలో కనిపించదు, అప్పుడు సెల్ఫీ కెమెరాతో చూడండి.

గీజర్

దీనికో చిన్న లెక్క తెలిసి ఉంటే చాలు. 25 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 2000 వాట్ల గీజర్‌కు సుమారు అరగంట పడుతుంది. 15 లీటర్లదైతే 18 నిమిషాలు. చలికాలంలో ఇంకాస్త ఎక్కువ. దీనికి రెట్టింపు సమయం పడుతుంటే లోపల సున్నం పేరుకుని ఉండొచ్చు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మామూలు. కుళాయి అంచుకు తెల్లటి పొర కడుతుందంటే గీజర్ లోపల కూడా కడుతున్నట్టే. ఏడాదికో, రెండేళ్లకో విప్పించి శుభ్రం చేయించేటప్పుడు యానోడ్ రాడ్ కూడా చూడమనండి. అది ట్యాంకుకు బదులు తాను తరిగిపోయే మెగ్నీషియం కడ్డీ. అది పూర్తిగా కరిగిపోయాక ట్యాంకుకు తుప్పు మొదలవుతుంది. పోయాక ట్యాంకు మార్చడం కన్నా కొత్త గీజర్ నయం.

లైట్లు వెలుగుతున్నా నీళ్లు వేడెక్కకపోతే ఎలిమెంట్ పోయి ఉంటుంది. కరెంటు ఉండీ ఒక్క లైటూ వెలగకపోతే వేడి మితిమీరితే కరెంటు తెంచే లోపలి కటౌట్ పడి ఉండవచ్చు. నీళ్లకు బదులు ఆవిరి వస్తే థర్మోస్టాట్ కరెంటు ఆపడం లేదు, వెంటనే ఆపేయండి, ఇది ప్రమాదం. వేడెక్కేటప్పుడు కింది వాల్వు నుంచి చుక్క చుక్క కారడం మాత్రం లోపం కాదు. నీరు వేడికి పెరుగుతుంది, ఆ వాల్వు ఉన్నదే దాన్ని వదలడానికి. దానికి బిరడా కొట్టకండి.

ట్యాంకు కడిగించిన రోజు గీజర్ వేసేముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, ధార నిండుగా వస్తోందని చూసుకోండి. ఖాళీ గీజర్ వేస్తే ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది.

బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్డు వాడమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. వాడక తప్పకపోతే రాడ్డు నీళ్లలో పెట్టాకే స్విచ్ వేయాలి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి.

వాషింగ్ మెషిన్, ఫ్యాను, పొయ్యి

వాషింగ్ మెషిన్‌లోకి నీళ్లు రావడం లేదంటే కుళాయి కట్టేసి, వెనక పైపు మర విప్పి చూడండి. మెషిన్ వైపు చిన్న జల్లెడ ఉంటుంది. బోరు నీళ్ల ఇసుకతో మూసుకుపోయి ఉంటుంది, పట్టకారుతో లాగి టూత్‌బ్రష్‌తో కడగండి. అది శుభ్రంగా ఉన్నా ధార సన్నగానే ఉంటే నీటి ఒత్తిడి చాలడం లేదు. ఒక బార్ ఒత్తిడి అంటే దాదాపు పది మీటర్ల ఎత్తు నీరు. ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే ఉండే పై అంతస్తు ఇళ్లలో రెండు మూడు మీటర్లు కూడా రాదు. కంపెనీవాళ్లు ఎన్నిసార్లు వచ్చినా ఇది తీరదు, ప్రెషర్ పంపు కావాలి.

నీళ్లు పోవడం లేదంటే ఫ్రంట్ లోడ్‌లో కింద మూలన ఉండే మూత తీసి డ్రైన్ ఫిల్టర్ విప్పండి, కింద పళ్లెం పెట్టుకోండి. చిల్లర, పిన్నీసులు, గుండీలు బయటపడతాయి. పిండడం మొదలుపెట్టి ఆగిపోతుంటే ఒక్క దుప్పటే వేశారేమో చూడండి. అది ఒకవైపు ముద్దయి బరువు సరితూగక మెషిన్ తనే ఆగుతుంది. కొత్త ఫ్రంట్ లోడ్ మెషిన్ గదంతా ఊగిపోతుంటే, వెనక రవాణా కోసం బిగించిన బోల్టులు తీయడం మరిచిపోయారు. టాప్ లోడ్ అడుగు తెరిచి ఉంటుంది, ఎలుక దూరి వైర్లు కొరుకుతుంది. జాలీ బిగించుకోండి.

సీలింగ్ ఫ్యాను నెమ్మదించి, చేత్తో తోస్తే గానీ తిరగకపోతే కండెన్సర్ బలహీనపడింది. సాధారణంగా 2.5 మైక్రోఫ్యారడ్‌లది, ఖరీదు వంద రూపాయల లోపే. ఉన్నదాని మీద ఏ అంకె ఉంటే అదే కొనాలి, ఎక్కువ వేస్తే ఎక్కువ గాలి వస్తుందని వేస్తే వైండింగ్ వేడెక్కుతుంది. రెగ్యులేటర్ ఏ అంకెలో పెట్టినా ఫుల్ స్పీడే అయితే రెగ్యులేటర్ మార్చాలి. ఈ మాటలు బీఎల్‌డీసీ ఫ్యాన్లకు (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం) వర్తించవు, వాటికి సర్క్యూట్ బోర్డు ఉంటుంది.

గ్యాస్ పొయ్యి మంట పసుపుగా వచ్చి గిన్నెలు మసిబారుతుంటే బర్నర్ కంతలు మూసుకున్నాయి. చల్లారాక తీసి సబ్బు నీళ్లలో నానబెట్టి, సూదితో కంతలు తీసి, పూర్తిగా ఆరాక పెట్టండి. వాసన వస్తోందని అగ్గిపుల్ల గీసి వెతకొద్దు, పైపు మీద సబ్బు నురగ రాస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. వాసన గట్టిగా ఉంటే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి తలుపులు కూడా తెరవాలి.

మైక్రోవేవ్ ఓవెన్ పైకప్పు మాత్రం ఎంత తెలిసినవాళ్లయినా ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి కండెన్సర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

మెకానిక్‌ను పిలవాల్సి వస్తే

కంపెనీ పేరు కొట్టి గూగుల్‌లో పైన కనబడిన నంబరుకు ఫోన్ చేయకండి. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లతో మోసాలు చాలా జరుగుతున్నాయి. నంబరు వారంటీ కార్డు మీద, లేదా సామాను మీద అతికించిన స్టిక్కర్ మీద ఉంటుంది. బుకింగ్ కోసం పది రూపాయలు పంపమన్నా, ఏదో యాప్ దించుకోమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే 1930కి వెంటనే చెప్పాలి.

ఫోన్‌లో ‘పనిచేయడం లేదు’ అని ఊరుకోవద్దు. ‘లైటు వెలుగుతోంది, ఐదు నిమిషాలకోసారి టిక్ మంటోంది, ఓల్టేజీ 225 ఉంది’ అని చెప్పండి. స్క్రీన్ మీద ఏదైనా ఎర్రర్ కోడ్ ఉంటే ఫొటో తీసి పంపండి. ఆయన సరైన పార్టు తెచ్చుకుని వస్తాడు, రెండో విజిటింగ్ చార్జీ తప్పుతుంది. మార్చిన పాత పార్టు చూపించమనండి, బిల్లు తీసుకోండి. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అన్నచోట గ్యాస్, లేబర్ ఖర్చులు అందులో కలవకపోవచ్చు, కార్డు వెనక చిన్న అక్షరాలు చదవండి. వారంటీ ఉండీ తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా అంటే నా లెక్క ఇది. మామూలు ఫ్యాను, మిక్సీ జార్, గ్రైండర్ బెల్టు, గీజర్ ఎలిమెంట్ ఎప్పుడైనా బాగు చేయించుకోదగినవే. మిక్సీ మోటారు వైండింగ్‌కు అడిగే డబ్బు కొత్తదాంట్లో సగం దాటితే నేనైతే వద్దంటాను. ఫ్రిజ్ గోడల మధ్య ఫోములో ఉన్న పైపు లీకైందని తేలితే దాన్ని అతికించే వీలు ఉండదు. పదేళ్లు దాటిన ఫ్రిజ్ అయితే అక్కడితో ఆపి, ఎక్స్చేంజ్ కింద ఎంత ఇస్తారో అడగండి.